పిట్ట కొంచెం, ల్యూమెన్లు ఘనం

మా ఇంటికి మొదటి ప్రొజెక్టర్ వచ్చిన రాత్రి. గోడ మీద నడుస్తున్న సినిమాలో అర్ధరాత్రి, అడవి, వేట. పది నిమిషాలు ఓపిగ్గా చూసి మా బావమరిది అడిగాడు.

"బావా, హీరో ఎక్కడున్నాడు?"

"గొంతు వినిపిస్తోందిగా. ఎడమ పక్కనెక్కడో ఉండాలి."

"మరి విలన్?"

"ఇంకా వచ్చినట్టు లేడు."

"వచ్చాడు, చచ్చిపోయాడు కూడా," అంది మా ఆవిడ.

ఆ ప్రొజెక్టర్ డబ్బా మీద '9000 ల్యూమెన్స్' అని ఉంది. వస్తువు చూస్తే రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత ఆ క్షణాన గుర్తుకు రావాల్సింది, రాలేదు. డబ్బా మీద ఇంకా చాలా ఉన్నాయి. 4కె సపోర్ట్, 200 అంగుళాల తెర, 10000:1 కాంట్రాస్ట్. నేనేదో కళ్లు మూసుకుని కొన్నవాణ్ణి కాదు. వారం రోజులు రాత్రిళ్లు కూర్చుని, పది మోడళ్ల వివరాలు పక్కపక్కన పెట్టి, పోల్చి పోల్చి కొన్నాను. ఆ పోల్చిన అంకెల్లో సగం నమ్మదగినవి కావనీ, మిగతా సగం నాకు అక్కర్లేనివనీ తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇప్పుడు చుట్టాల్లో ఎవరు ప్రొజెక్టర్ కొనాలనుకున్నా నాకే ఫోన్ చేస్తారు. "ఏ మోడల్ తీసుకోమంటావు?" అంటారు. "మీ గదికి కిటికీలెన్ని?" అంటాను నేను. వాళ్లకి చిరాకు. అయినా నా మాట అదే. బడ్జెట్ తక్కువైనప్పుడు డబ్బు ముందు పెట్టాల్సింది గది మీద, మిగిలింది ప్రొజెక్టర్ మీద. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అదే చేశాను.

ముందు ఆ 9000 సంగతి తేల్చేద్దాం. ల్యూమెన్ అంటే దీపం నుంచి వచ్చే మొత్తం వెలుగుకి కొలత. ప్రొజెక్టర్ లోపలి దీపం ఎంత వెలిగితే మనకేంటి? లెన్స్ దాటి తెర మీద పడేదే లెక్క. దాన్ని కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ 1992లో ఒక పద్ధతి పెట్టింది. తెల్లటి బొమ్మ వేసి, దాన్ని అడ్డం మూడు, నిలువు మూడు చొప్పున తొమ్మిది గళ్లుగా అనుకుని, ఒక్కో గడి మధ్యలో పడే వెలుగుని, అంటే చదరపు మీటరుకి పడే ల్యూమెన్లని, లక్స్‌లో కొలుస్తారు. వాటి సగటుని బొమ్మ వైశాల్యంతో గుణిస్తే వచ్చేవే ఆన్సీ ల్యూమెన్స్. డబ్బా మీద ఆ మాట లేకుండా ఉత్త 'ల్యూమెన్స్' అని ఉంటే, ఏది కొలిచి ఆ అంకె వేశారో వేసినవాళ్లకే తెలియాలి.

మా బావమరిదికి ఫొటోగ్రఫీ పిచ్చి. వాడి దగ్గర లక్స్ మీటర్ ఉంది. ఒక రాత్రి ఇద్దరం కూర్చుని, మూల నుంచి మూలకి 80 అంగుళాల బొమ్మ వేశాం. అంటే 1.77 మీటర్ల వెడల్పు, దగ్గర దగ్గర మీటరు ఎత్తు. వాడు గోడకి మీటర్ ఆనించి అంకెలు చదువుతుంటే నేను పాత కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను. పై వరుస 70, 92, 62. మధ్య వరుస 98, 130, 94. కింది వరుస 78, 104, 82. నడిమధ్యలో 130 ఉన్న వెలుగు పై మూలకి చేరేసరికి సగానికి సగం పడిపోయింది. బొమ్మ అంచులు ఎప్పుడూ మసక మసగ్గా ఎందుకుంటాయో అప్పుడు తెలిసింది. సగటు 90. వైశాల్యం 1.76 చదరపు మీటర్లు. గుణిస్తే 158.

బిల్లు కాగితం వాడి చేతికిచ్చాను. రెండుసార్లు లెక్క చూసుకుని, "మిగతావి డబ్బాలోనే ఉండిపోయాయేమో బావా" అన్నాడు.

కోపం రావాలి, వచ్చింది. కానీ ఆ వారమే తెలిసిన ఇంకో అంకె నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. డిజిటల్ సినిమా హాళ్లలో తెర మీద తెలుపు ఎంత వెలగాలో ఒక ప్రమాణం ఉంది. 48 నిట్స్ (తెర నుంచి మన కంటికి వచ్చే వెలుగుకి కొలత నిట్). మన ఫోన్ తెరలు వందల నిట్స్‌తో వెలుగుతాయి. అంటే జేబులో ఉన్న ఫోన్ కన్నా సినిమా హాలు తెర ఎన్నో రెట్లు మసక. మరి హాల్లో కూర్చున్నప్పుడు ఎవరికైనా మసగ్గా అనిపిస్తుందా? అదే 48 నిట్స్‌ని ఇంట్లో 100 అంగుళాల మామూలు తెల్ల తెర మీద తేవాలంటే కావలసింది సుమారు 415 ల్యూమెన్లు. 80 అంగుళాలకైతే 265 చాలు. వేలు అక్కర్లేదు. నిజమైన వందలు చాలు.

అలాగని సరిగ్గా 415 ఉన్నది వెతికి కొనకండి. కంపెనీలు చెప్పే అంకె సాధారణంగా అన్నిటికన్నా ప్రకాశంగా ఉండే మోడ్‌లోది. ఆ మోడ్‌లో మనుషుల మొహాలు ఆకుపచ్చ ఛాయకి తిరిగిపోతుంటాయి. రంగులు సరిగ్గా కనిపించే సినిమా మోడ్‌కి వచ్చేసరికి వెలుగు బాగా తగ్గుతుంది. దీపం పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకని 100 అంగుళాల తెరకి 800 నుంచి 1000 ఆన్సీ ల్యూమెన్లు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. అంతకు మించి పెట్టే ప్రతి పైసా, వెలుతురున్న గదితో కుస్తీ పట్టడానికే పోతుంది. ఆ కుస్తీలో గెలిచేది గదే.

ఎందుకో చెబుతాను. ప్రొజెక్టర్ నలుపు రంగు వేయలేదు. వెలుగు వేయగలదు, వేయకుండా ఆగగలదు, అంతే. తెర మీద నల్లగా ఉండాల్సిన చోట మనకి కనిపించేది ఆ క్షణాన ఆ గోడ ఎంత చీకట్లో ఉంటే అంత నలుపు. 500 ల్యూమెన్ల ప్రొజెక్టర్ 100 అంగుళాల బొమ్మ వేస్తే తెల్లటి చోట సుమారు 180 లక్స్ పడుతుంది. గదిలో ఏ మూలో ఒక చిన్న లైటు వెలుగుతూ, దాని వల్ల తెర మీద 50 లక్స్ పడుతోందనుకుందాం. అప్పుడు తెలుపు 230, 'నలుపు' 50. రెంటికీ తేడా నాలుగున్నర రెట్లు. బొమ్మ వెలిసిపోయిన చొక్కాలా ఉంటుంది. ఇలా కాదని నాలుగింతలు వెలిగే 2000 ల్యూమెన్లది కొన్నాం. తెలుపు 775 అయింది, నలుపు అదే 50. తేడా పదిహేను రెట్లు. ఇప్పుడు ఆ 500 ల్యూమెన్లదాన్నే ఉంచుకుని, లేచి వెళ్లి లైటు ఆర్పేసి, కర్టెన్ లాగి, తెర మీద పడే బయటి వెలుగుని 5 లక్స్‌కి దించాం. తెలుపు 185, నలుపు 5. తేడా ముప్పై ఏడు రెట్లు.

ప్రొజెక్టర్ లోపలి నుంచి కారే వెలుగుని ఈ లెక్కలో వదిలేశాను. దాన్ని కలిపితే అంకెలు కాస్త మారతాయి కానీ కథ మారదు. నాలుగింతల వెలుగు చేయలేని పని ఒక స్విచ్చూ ఒక కర్టెనూ చేశాయి.

ఇది అర్థమయ్యాక నాకు చీకటి పిచ్చి పట్టింది. ముందు కిటికీలు. మామూలు కర్టెన్ వేస్తే వెలుగు గుడ్డలోంచి కన్నా దాని అంచుల్లోంచి ఎక్కువ వస్తుంది, ముఖ్యంగా కర్టెన్ రాడ్‌కీ గోడకీ మధ్య ఉండే సందులోంచి. రాడ్‌ని కిటికీకి జానెడు పైకి జరిపి, రెండు పక్కలా జానెడు వెడల్పు పెంచి, వెనక నల్ల లైనింగ్ ఉన్న గుడ్డ వేశాక మధ్యాహ్నం కూడా గదిలో తడుముకునే పరిస్థితి వచ్చింది. తర్వాత రౌటర్ మీద మిణుకుమిణుకుమనే నీలం లైటు, ఏసీ మీద ఉష్ణోగ్రత చూపే అంకెలు. వాటికి నల్ల టేపు ముక్కలు.

అప్పటికీ ఏదో వెలితి. ఒక రాత్రి తెల్లటి బొమ్మ వేసి, తెరకి వీపు పెట్టి గదిని చూశాను. పేపర్ చదువుకునేంత వెలుగు. మా గోడలు తెలుపు, పైకప్పు ఇంకా తెలుపు. తెర మీద పడిన వెలుగు అక్కడి నుంచి పైకప్పుకి, పైకప్పు నుంచి తిరిగి తెరకి వచ్చి పడుతోంది. అంటే సినిమాలో ఒక పక్క కిటికీలోంచి ఎండ పడుతుంటే, ఇంకో పక్క చీకటి మూలలో నిలబడ్డ మనిషిని ఆ ఎండే తినేస్తోంది. బయటి లైట్లన్నీ ఆర్పాం సరే, తెరే ఒక లైటు కదా.

సగం తెలుపు, సగం నలుపు ఉన్న బొమ్మ ఒకటి తయారుచేసి వేశాను. నల్ల సగం మధ్యలో మీటర్ పెడితే 6 లక్స్. ముదురు నీలం దుప్పట్లు రెండు తీసుకుని, తెరకి ఆనుకుని ఉన్న పైకప్పు భాగాన్ని మీటరు పొడవునా కప్పేసి, పక్క గోడ మీద ఇంకోటి వేలాడదీశాను. మళ్లీ మీటర్ పెట్టాను. రెండున్నర. అంకె సంగతి అలా ఉంచండి, కంటికే తెలిసింది. బొమ్మ గోడ మీద నుంచి లేచి, గదికి ఇంకో కిటికీ తెరిచినట్టు అనిపించింది. అదే ప్రొజెక్టర్, అదే గోడ.

మా ఆవిడ పొద్దున్నే వచ్చి చూసి, "ఇది ఇల్లా, ఫొటోలు కడిగే గదా?" అంది. ఆమె వైపూ న్యాయం ఉంది. అద్దె ఇల్లు, ముదురు రంగు వేయడానికి లేదు. చివరికి రాజీ కుదిరింది. పక్క గోడకి రాడ్ వేసి ముదురు రంగు మఖ్మల్ కర్టెన్, సినిమా పెట్టినప్పుడు లాగి, అయిపోగానే తీసేసేలా. పైకప్పుకి మాత్రం ఏమీ వద్దంది. పైకప్పు విషయం నేనింకా మర్చిపోలేదు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. "మా హాల్లో చీకటి చేయడం కుదరదు, పగలు కూడా చూస్తాం, పిల్లలు పక్కనే చదువుకుంటారు" అనేవాళ్లకి నేను చెప్పే ప్రొజెక్టర్ ఏదీ లేదు. టీవీ కొనుక్కోండి. చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. 100 అంగుళాల బొమ్మ 65 అంగుళాల టీవీకి వైశాల్యంలో రెండు రెట్ల పైనే ఉంటుంది, నిజమే. కానీ వెలుతురు గదిలో వెలిసిపోయిన పెద్ద బొమ్మ కన్నా నిండుగా ఉన్న చిన్న బొమ్మ మేలు. "రెండూ ఒకే దాంట్లో రావాలి" అని పట్టుబట్టినవాళ్లు ఆఖరికి రెండూ విడివిడిగా కొనడం నేను చూశాను.

గది సరిపోయాక ప్రొజెక్టర్ వెతకడం తేలిక. చూడాల్సినవి తక్కువ.

'4కె సపోర్ట్' అనే మాటకి అర్థం 4కె వీడియో ఇస్తే తీసుకుంటుంది అని. అంతే తప్ప 4కె చూపిస్తుందని కాదు. బిందెడు నీళ్లు పోసినా చెంబులో పట్టేది చెంబెడే. లోపల బొమ్మని తయారుచేసే ప్యానెల్ సొంత రిజల్యూషన్ ఎంత, నేటివ్ రిజల్యూషన్ అంటారే, అది అడగాలి. 1920×1080 అయితే, అంటే ఫుల్ హెచ్‌డీ అయితే, ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్లు. 1280×720 అయితే తొమ్మిది లక్షలు. 800×480 పెట్టి 'హెచ్‌డీ' అని అమ్మేవీ ఉన్నాయి, నాలుగు లక్షలు కూడా ఉండవు. 100 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ పిక్సెల్ ఒక్కోటి 1.15 మిల్లీమీటర్లు. మంచి చూపున్న కన్ను మూడు మీటర్ల నుంచి 0.9 మిల్లీమీటర్ల దాకా విడివిడిగా పట్టగలదు, నాలుగు మీటర్ల నుంచి అయితే ఈ పిక్సెళ్లు కలిసిపోతాయి. అందుకే తక్కువ బడ్జెట్‌లో నిజమైన ఫుల్ హెచ్‌డీ దగ్గర ఆగిపొమ్మంటాను. 4కె ఆశ పెట్టుకుని ఇంకేదో వదులుకోవద్దు. అలాగని 720కి దిగొద్దు, సబ్‌టైటిల్స్ అంచులు రంపంలా కనిపిస్తాయి.

ఈ ధరల్లో దొరికేవాటిలో, బొమ్మ తయారయ్యే విధానాన్ని బట్టి మూడు రకాలు. నా మొదటిది ఒకే ఎల్‌సీడీ ప్యానెల్ ఉన్న రకం, చవకవి చాలావరకు ఇవే. రంగుల కోసం పెట్టిన ఫిల్టర్లు వెలుగులో ఎక్కువ భాగాన్ని మింగేస్తాయి, మింగింది వేడిగా మారుతుంది, ఆ వేడిని తోయడానికి ఫ్యాన్ అరుస్తుంది, ఫ్యాన్ గాలితో దుమ్ము లోపలికి పోతుంది. ఎనిమిదో నెలలో నా ప్యానెల్ మీద ఒక దుమ్ము రేణువు స్థిరపడింది. ఆ తర్వాత చూసిన ప్రతి సినిమాలోనూ ఆకాశంలో ఒకే చోట బొటనవేలి ముద్రంత మరక. కొనక తప్పదంటే లోపలి భాగం దుమ్ము పోకుండా మూసేసిన రకం చూడండి.

రెండో రకం డీఎల్‌పీ. 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్, దాని నిండా కంటికి ఆనని అద్దాలు. ఇళ్లలో వాడే వాటిలో సాధారణంగా చిప్ ఒక్కటే కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వేస్తుంది, కలిపేది మన కన్ను. కొందరి కళ్లు కలపవు. స్నేహితుడింట్లో సినిమా చివర పేర్లు పడుతుంటే మా ఆవిడ, "ఈ అక్షరాలకి రంగు రంగుల తోకలేంటి?" అంది. నాకేమీ కనిపించలేదు. ఎంత తదేకంగా చూసినా కనిపించలేదు. ఆమె చూపు పక్కకి తిప్పినప్పుడల్లా కనిపిస్తున్నాయి, అరగంటకి తలనొప్పి. కాబట్టి డీఎల్‌పీ కొనేముందు ఇంట్లో అందర్నీ దాని ముందు కూర్చోబెట్టండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మూడోది మూడు ప్యానెళ్ల ఎల్‌సీడీ. మూడు రంగులూ ఒకేసారి పడతాయి కాబట్టి తోకలు ఉండవు, రంగులు నిండుగా ఉంటాయి. తక్కువ ధరలో దొరికేవాటిలో నలుపు కాస్త బూడిదరంగులోకి దిగుతుంది. మా ఆవిడ కళ్ల వల్ల మా ఇంటికి ఇదే వచ్చింది, అదీ ఒకరు వాడి అమ్మినది.

పాతది అనగానే చాలామందికి టెన్షన్. తక్కువ డబ్బుకి వచ్చే, పేరు గొప్ప కొత్త ఆటబొమ్మ కన్నా, రెండు మూడేళ్లు వాడిన మంచి హోమ్ ప్రొజెక్టర్ నయమని నా అనుభవం. చూసుకోవాల్సింది కొంచెమే. మెనూలోకి వెళ్తే దీపం ఎన్ని గంటలు వెలిగిందో ఉంటుంది. నాది 1400 గంటలు, దాని ఆయుష్షు 4000 అని కంపెనీ లెక్క. రోజుకి రెండు గంటల చొప్పున ఏడాదికి 730 గంటలు, అంటే ఇంకా మూడున్నరేళ్లు. ఆ మోడల్‌కి దీపం ఇంకా దొరుకుతోందో లేదో ప్రొజెక్టర్ కొనకముందే కనుక్కోవాలి, కొన్నాక కాదు. తర్వాత పూర్తి తెలుపు, పూర్తి నలుపు, పూర్తి బూడిదరంగు బొమ్మలు ఒక్కోటి వేసి చూడాలి. ఏ మూలైనా పసుపుగా మారితే ప్యానెల్ వేడికి దెబ్బతిన్నట్టు. నల్లటి తెర మీద మసక మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము. ఈ దీపాల గొడవే వద్దనుకుంటే ఎల్‌ఈడీ, లేజర్‌వి ఉన్నాయి, 20,000 గంటలంటారు. రోజుకి రెండు గంటలైతే ఇరవై ఏడేళ్లు. అంతకాలం దాని ఫ్యాను బతుకుతుందా అన్నది నా అనుమానం.

ఇంకొక్క తప్పు చెప్పి ఊరుకుంటాను. మొదటిదాన్ని సోఫా పక్కన స్టూలు మీద పెట్టి, గోడ మీద బొమ్మ వంకరగా పడితే కీస్టోన్ బటన్‌తో సరిచేసుకున్నాను. భలే సౌకర్యం అనుకున్నాను. ఒకసారి చీకట్లో దగ్గరకెళ్లి చూస్తే బొమ్మ చుట్టూ పలచటి బూడిదరంగు చట్రం ఒకటి, వంకరగా. అసలు బొమ్మ పరిమాణం అది. కీస్టోన్ చేసిందల్లా దాని లోపల ఒక చిన్న దీర్ఘచతురస్రం గీసి, సినిమాని అందులో కుక్కడం. అసలే తక్కువ పిక్సెళ్లు, అందులో కొన్నిటిని నా చేతులతో నేనే ఆర్పేశాను. ప్రొజెక్టర్ తెరకి ఎదురుగా నిటారుగా ఉండాలి. అందుకే కొనకముందే టేపు పట్టుకుని కొలవాలి. త్రో రేషియో 1.5 అని ఉంటే బొమ్మ వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరం కావాలి. 100 అంగుళాల బొమ్మ వెడల్పు 2.21 మీటర్లు, అంటే లెన్స్ నుంచి తెరకి 3.3 మీటర్లు. మీ గదిలో ఆ చోట సరిగ్గా బీరువా తలుపు తెరుచుకుంటుంటే ఆ మోడల్ మీది కాదు.

శబ్దం గురించి ఒక్క ముక్క. ప్రొజెక్టర్‌లోని స్పీకర్ మీ వెనక ఉంటుంది, మాట్లాడే మనిషి మీ ముందు ఉంటాడు. ఎంత చిన్నదైనా ఒక స్పీకర్ తెర కిందకి చేర్చండి, అదీ వైరుతో. బ్లూటూత్‌లో పెదాలు ముందు కదిలి మాట తర్వాత రావచ్చు. లోపల ఉన్న యాప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు, ఫోన్ నుంచి కాస్ట్ చేస్తే కొన్ని ఓటీటీ సినిమాలు తెర నల్లగా ఉంచి మాటలు మాత్రం వినిపిస్తాయి. హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే గొడవ వదిలిపోతుంది.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. వాడి కొత్త ఇంటికి ప్రొజెక్టర్ కావాలట.

"బావా, ఒకటి చూశాను, 12000 ల్యూమెన్స్..."

"మీటర్ నీ దగ్గరే ఉందిగా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కర్టెన్లు ఎక్కడ కుట్టించావు?" అన్నాడు.

ఆ 9000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. రాత్రి పడుకునేముందు పిల్లలు దాన్ని మంచం పక్క గోడకి దగ్గరగా పెట్టి, ముందు చేతులు అడ్డం పెట్టి కుక్కని, కుందేలుని వేస్తారు. రెండడుగుల బొమ్మ, తలుపు వేసిన గది. నలుపు నల్లగానే ఉంటుంది.